ఆగస్టు చివర్లో ఆల్పైన్ లేక్స్‌లో రెండు రాత్రులు: దోమలతో వేగే పద్ధతి

సియాటిల్ నుంచి ఐ-90 హైవే మీద తూర్పుకి వెళ్తుంటే స్నోక్వాల్మీ పాస్ దగ్గర ఎడమ చేతి వైపు కొండలన్నీ ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్. 1976లో చట్టం చేసి కాపాడిన అడవి ఇది. లోపల 700కి పైగా సరస్సులు, చెరువులు ఉన్నాయి. ఆగస్టు చివరికి దారుల్లో మంచు పోయి ఉంటుంది, వానలు ఇంకా మొదలుకావు, అందరికీ సెలవులు కుదిరేది కూడా లేబర్ డే, అంటే సెప్టెంబర్ మొదటి సోమవారం దగ్గర్లోనే. దాంతో వాట్సాప్‌లో కొత్త గ్రూపు పుడుతుంది, నీలం నీళ్ళ ఫొటోలు వచ్చిపడతాయి. ఫొటోల్లో దోమలు కనపడవు.

మా బ్యాచ్‌లో ఈ ట్రిప్పులు ప్లాన్ చేసే పని నాది. ఎవరైనా కొత్తగా వస్తే మొదట అడిగేది "అక్కా, ఏ స్ప్రే కొనాలి?" అని. నా లెక్కలో స్ప్రే ఆఖరి సంగతి. ఏ వారం వెళ్తున్నారు, టెంటు ఎక్కడ వేస్తున్నారు, సాయంత్రం ఎన్నింటికి వండుకుంటున్నారు, ఈ మూడూ సరిగ్గా కుదిరితే ఏ స్ప్రే అయినా పనిచేస్తుంది. ఇవి కుదరకపోతే డబ్బా మొత్తం ఒంటికి పులుముకున్నా రాత్రంతా గోక్కోవడమే.

ముందు వారం సంగతి

ఈ ఎత్తుల్లో మనల్ని పీక్కుతినే దోమల్లో ఎక్కువ భాగం మంచు నీటి దోమలు. చెరువుల పక్కన తడి మట్టిలో, నాచులో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు చలికాలమంతా మంచు కింద అలాగే ఉండి, మంచు కరిగి గుంటలు నిండగానే పొదుగుతాయి. సాధారణంగా ఏడాదికి ఒక్క తరమే. కాబట్టి చూసుకోవాల్సింది క్యాలెండర్‌లో తేదీ కాదు, ఆ లోయలో మంచు ఎప్పుడు పోయిందనేది. మంచు పోయిన తర్వాత కొన్ని వారాలు నరకం, ఆ తర్వాత మెల్లగా తగ్గుముఖం.

ఈ కొండల వరసని కాస్కేడ్స్ అంటారు. ఇక్కడ మామూలు ఏడాది అయితే జులై నుంచి ఆగస్టు సగం దాకా దోమల రాజ్యం. ఆగస్టు ఆఖరుకి రాత్రులు చల్లబడి అవి పలచబడతాయి. కానీ ఉత్తరం వైపు తిరిగి ఉండే లోయల్లో జులై చివరి దాకా మంచు ఉంటుంది. అక్కడ ఆగస్టు చివరంటే దోమలకి ఇంకా నిండు యవ్వనమే. మంచు ఎక్కువ పడిన ఏడాది అన్నీ రెండు మూడు వారాలు వెనక్కి జరుగుతాయి. మా తమ్ముడి వరసైన ఒక కుర్రాడు ప్రతి ఏడూ అంటాడు, "లేబర్ డేకి దోమలు పోతాయి కదా అక్కా" అని. దోమలకి లేబర్ డే సెలవు లేదు నాయనా అంటాను.

అందుకే వెళ్ళే ముందు వాషింగ్టన్ ట్రైల్స్ అసోసియేషన్ వాళ్ళ సైట్‌లో ట్రిప్ రిపోర్టులు చదవండి. హైకర్లు రాసే ఆ రిపోర్టుల్లో దారి ఎలా ఉంది, మంచు ఉందా అన్న వివరాలతో పాటు పురుగుల సంగతి కూడా ఉంటుంది. మీరు వెళ్ళే సరస్సుకే, గత పది రోజుల్లో రాసినవే చూడండి. పోయినేడు ఇదే తేదీన ఎలా ఉందో చదివి ధైర్యం తెచ్చుకోకండి. ఇంకో చిట్కా: "డే హైక్" రిపోర్టులో దోమలు లేవని రాస్తే దాన్ని సగమే నమ్మాలి. మధ్యాహ్నం రెండింటికి వచ్చి నాలుగింటికి వెళ్ళిపోయినవాళ్ళకి సాయంత్రం సంగతి తెలీదు. రాత్రి పడుకుని వచ్చినవాళ్ళు ఏం రాశారో వెతకండి.

ఏ సరస్సు

ఈ వైల్డర్‌నెస్‌లోనే బాగా పేరున్న సరస్సుల గుంపు ఎన్‌చాంట్‌మెంట్స్ గురించి అడగకండి. రాత్రి ఉండాలంటే చలికాలం చివర్లోనే రిక్రియేషన్ డాట్ గవ్‌లో లాటరీ వేయాలి, గుంపుకి ఎనిమిది మందే పరిమితి. ఆగస్టులో గుర్తొచ్చి లాభం లేదు. మిగతా వైల్డర్‌నెస్‌లో చాలా చోట్ల ట్రైల్ మొదట్లో పెట్టెలో ఉండే కాగితం మీద మనమే పర్మిట్ రాసుకుంటాం, ఉచితం. గుంపు 12 మంది దాటకూడదు. పార్కింగ్‌కి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి: రోజుకి 5 డాలర్లు, ఏడాదికి 30.

ఫొటో ఒక్కటే చూసి సరస్సుని ఎంచుకోవద్దు, మ్యాప్ కూడా చూడండి. చుట్టూ చిన్న చిన్న గుంటలు, బురద మైదానాలు, నీలం గీతలు చిక్కుబడినట్టు ఉంటే అది దోమల పురిటిల్లు. నాలుగు వైపులా గోడల్లాంటి కొండలు ఉండి గిన్నె అడుగున ఉన్న సరస్సుకి గాలి అందదు. అదే ఒక పక్క తెరిచి ఉండి, రాతి దిమ్మల మీద ఉన్నదైతే గాలి ఆడుతుంది.

రేచల్ లేక్, దాని పైన ఉన్న రాంపార్ట్ లేక్స్ దీనికి మంచి ఉదాహరణ. ఐ-90 మీద ఎగ్జిట్ 62 దగ్గర దిగి, కచీస్ లేక్ దాటి బాక్స్ కాన్యన్ రోడ్డు చివరికి వెళ్ళాలి. రేచల్ దాకా రానూపోనూ ఎనిమిది మైళ్ళు, ఎక్కుడు 1,600 అడుగులు. మొదట్లో వాగు పక్కన సాఫీగా నడిచి, చివరి మైలు వేర్లు, రాళ్ళు పట్టుకుని పైకి పాకాలి. ఆ వాగు పక్క నీడలో నిలబడి ఫొటోలు తీసుకోకండి, దోమలు అక్కడే స్వాగతం చెబుతాయి. రేచల్ గిన్నె అడుగున ఉంది. రాంపార్ట్ పైన మెట్టు మీద ఉంది, అక్కడ గుంటలు ఎక్కువే కానీ రాతి గుట్టలు కూడా ఎక్కువే, గాలికి నిలబడే చోటు దొరుకుతుంది. ఓపికుంటే నేను పైకే వెళ్తాను. బరువుతో ఇంకో అర కొండ ఎక్కడానికి బ్యాచ్‌లో సగం మంది నన్ను తిడతారు. సాయంత్రం ఆరున్నరకి ఆ తిట్లు ఆగిపోతాయి.

స్నో లేక్ మాత్రం మొదటి ట్రిప్పుకి బాగుంటుంది, రానూపోనూ ఏడు మైళ్ళు. జనం ఎక్కువ, అంతే.

ఎవరెవరు కుడతారు

అన్నిటినీ కలిపి "బగ్స్" అనేస్తాం గానీ ఒక్కోదానికీ మందు వేరు.

దోమ మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పసిగట్టి వస్తుంది, దగ్గరికొచ్చాక ఒంటి వేడి, చర్మం వాసన చూసుకుంటుంది. ముదురు రంగు బట్టలు దానికి బాగా కనపడతాయి. ఎగరడంలో మాత్రం బలహీనురాలు, కాస్త గాలి వీస్తే నిలవలేదు. పది డిగ్రీల సెల్సియస్ కిందకి చలి పడితే మందగిస్తుంది. ఈ రెండు బలహీనతలే మనకి ఆధారం.

జోరీగలది పగటి డ్యూటీ. ఎండలో నడుస్తుంటే తల చుట్టూ గింగిరాలు కొడుతూ వెంటపడతాయి. ఇవి దోమలా గుచ్చవు, చర్మాన్ని కోస్తాయి. కదిలే ముదురు రంగు వస్తువంటే వాటికి మోజు. స్ప్రేలని పెద్దగా లెక్కచేయవు. లేత రంగు టోపీ, మందం చొక్కా, కొంచెం ఓపిక, ఇవే మందు.

నుసుములు కంటికి సరిగా ఆనవు. ఇక్కడివాళ్ళు వాటిని "నో సీ అమ్స్" అంటారు. మామూలు దోమతెర రంధ్రాల్లోంచి దూరిపోతాయి కాబట్టి హెడ్‌నెట్ (తలకి తొడుక్కునే జాలీ), టెంటు కొనేటప్పుడు సన్నని జాలీ ఉన్నవి తీసుకోవాలి. నల్ల ఈగలు పారే నీళ్ళలో పెరుగుతాయి, వాగు దాటే చోట్ల కనపడతాయి. జుట్టు మొదళ్ళలో, చెవి వెనక కుడతాయి.

వీటన్నిటికంటే నేను భయపడేది కందిరీగలకి, ముఖ్యంగా ఎల్లో జాకెట్లకి. దోమలు తగ్గే సమయానికి వీటి గూళ్ళు నిండుగా పెరిగి ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబర్ వీటి సీజన్. గూడు ట్రైల్ అంచున నేలలోనో, పుచ్చిన దుంగలోనో ఉంటుంది. ముందు నడిచేవాడు తొక్కి కదిలిస్తాడు, కుట్టించుకునేది వెనకవాళ్ళు. అందుకే మా బ్యాచ్‌లో ఒక రూలు: ఎవరైనా "కందిరీగలు!" అని అరిస్తే ఆగి "ఎక్కడ?" అని అడగకూడదు. ముందున్నవాళ్ళు ముందుకి, ఇంకా రానివాళ్ళు వెనక్కి పరుగెత్తాలి. ట్రెక్కింగ్ పోల్స్‌ని దారి అంచున మెత్తటి మట్టిలో గుచ్చుకుంటూ నడవద్దు. తియ్యటి డ్రింకు తాగేముందు మూత దగ్గర చూసుకోండి.

కందిరీగ ఎలర్జీ ఎవరికైనా ఉందా అని బయల్దేరక ముందే ఒక్కొక్కరినీ విడిగా అడగండి. గ్రూపులో మెసేజ్ పెడితే సగం మంది చూడరు, చూసినవాళ్ళు మొహమాటపడతారు. ఉంటే ఎపిపెన్ (ఎలర్జీ ముదిరితే వెంటనే పొడుచుకునే ఇంజెక్షన్) తెచ్చుకోవాలి, అది ఏ జేబులో ఉందో ఇంకో ఇద్దరికి తెలియాలి. పైన ఫోను సిగ్నల్ ఉండదు. శాటిలైట్ మెసెంజర్ గానీ, శాటిలైట్ ఎస్ఓఎస్ ఉన్న ఫోను గానీ బ్యాచ్‌కి ఒకటైనా ఉండాలి.

బట్టలు, మందులు

యోగా లెగ్గింగ్స్ నడకకి హాయిగా ఉంటాయి, దోమకి ఇంకా హాయిగా ఉంటాయి. ఒంటికి అతుక్కున్న సాగే బట్టలోంచి అది సులభంగా గుచ్చుతుంది. వదులుగా ఉండే నైలాన్ ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, అది కూడా లేత రంగుది, ఇదే యూనిఫాం. భుజాల మీద, మోకాళ్ళ మీద బట్ట బిగుసుకునే చోట్లే కుడతాయని గమనించండి. చొక్కా ఒక సైజు పెద్దది కొనడం దండగ కాదు.

వెళ్ళడానికి రెండు రోజుల ముందు బట్టలకి పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టండి. 0.5 శాతం స్ప్రే దొరుకుతుంది. ప్యాంటు, చొక్కా, సాక్సులు, టోపీ, బూట్లకి బయట గాలిలో కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఒంటికి రాసుకునేది కాదు. ఆరాక వాసన ఉండదు, ఆరు వారాలో ఆరు ఉతుకులో పనిచేస్తుందని డబ్బా మీదే రాసుంటుంది. ఇంట్లో పిల్లి ఉంటే అది ఆరేదాకా ఆ ఛాయలకి రానివ్వకండి, తడి పెర్మెత్రిన్ పిల్లులకి విషం. చేపలకీ అంతే. కాబట్టి ఆ బట్టల్ని సరస్సులో జాడించడం, వాటితోనే నీళ్ళలో దూకడం వద్దు.

ఒంటికి రాసుకునేవాటిలో డీట్‌ది పాత పేరు. 1946లో అమెరికా సైన్యం తయారు చేసుకుంది, 1957 నుంచి మామూలు జనానికి దొరుకుతోంది. పనితనంలో వంక పెట్టలేం. కానీ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది: కళ్ళజోడు, వాచీ, రెయిన్ జాకెట్, టెంటు గుడ్డ, ఏది తగిలితే దానికి మచ్చ. పికారిడిన్ 20 శాతం ఉన్నది దాదాపు అంతే పనిచేస్తుంది, వేటినీ పాడుచేయదు, జిడ్డు తక్కువ. నా ఓటు దానికే. నిమ్మగడ్డి వాసన వచ్చే లెమన్ యూకలిప్టస్ నూనె కూడా పనిచేస్తుంది గానీ మూడేళ్ళలోపు పిల్లలకి వాడకూడదు.

రాసుకోవడంలోనే చాలామంది తేడా చేస్తారు. ముందు సన్‌స్క్రీన్, అది ఇంకాక దోమల మందు. చెవుల వెనక, మెడ, మణికట్టు, చీలమండ, జుట్టు అంచు, ఇవి మర్చిపోయే చోట్లు. అరచేతులకి మిగలకుండా తుడుచుకోండి, లేకపోతే తిండిలోకి పోతుంది. లేబుల్ మీద ఎన్ని గంటలని ఉన్నా ఎక్కుడులో చెమట పట్టాక అంతసేపు ఉండదు. క్యాంపుకి చేరగానే తడి గుడ్డతో తుడుచుకుని సాయంత్రానికి మళ్ళీ రాసుకోవాలి.

చేతికి కట్టుకునే వాసన బ్యాండ్లు, ఫోనులో చప్పుడు చేసే యాప్‌లు, వెల్లుల్లి మింగడం, విటమిన్ బి మాత్రలు, వీటి మీద డబ్బులు పెట్టకండి. మందు బిళ్ళని వేడిచేసి దోమల్ని తరిమే థర్మాసెల్ లాంటివి గాలి లేనప్పుడు కూర్చున్న చోట బాగానే పనిచేస్తాయి. గాలి ఉంటే పనిచేయవు, కానీ గాలి ఉంటే దోమలే ఉండవు. టెంటు లోపల మాత్రం వెలిగించకూడదు.

హెడ్‌నెట్ మాత్రం మనిషికొకటి ఉండి తీరాలి. బరువు ఏమీ ఉండదు. నల్ల జాలీ తీసుకోండి, దానిలోంచి బాగా కనిపిస్తుంది. అంచు ఉన్న టోపీ మీద వేసుకోవాలి, లేకపోతే జాలీ ముక్కుకి అతుక్కుని అక్కడే కుడతాయి. "నాకొద్దులే" అన్నవాళ్ళ కోసం నేను ఒకటి ఎక్కువ మోస్తాను. ఏడు గంటలకల్లా చేయి చాస్తారు.

చోటు, టైము

క్యాంపుకి చేరగానే బ్యాగు దించి కూలబడాలనిపిస్తుంది. కూలబడకండి. అందరూ కాకపోయినా ఇద్దరు చుట్టూ ఒక పది నిమిషాలు తిరిగి చూడాలి. నీటి గట్టుకి 200 అడుగులు, అంటే సుమారు ఎనభై అంగలు దూరంగా, ఇదివరకే నలిగిన మట్టి నేలో, రాయో ఉన్న చోటు వెతకండి. గులాబీ రంగు చిన్న పూల హీథర్ పొదల మీద టెంటు వేస్తే అవి తేరుకోవడానికి ఏళ్ళు పడుతుంది. బురద ఉన్న వైపు, వాగు వచ్చి కలిసే చోటు వదిలేయండి.

గాలిని చదవడం నేర్చుకోవాలి. కొండల్లో పగలు గాలి లోయలోంచి పైకి వీస్తుంది, సూర్యుడు దిగాక చల్లబడిన గాలి పై నుంచి కిందకి జారుతుంది. మనకి కావాల్సింది సాయంత్రం గాలి. కనుమ వైపు నుంచి కిందకి వచ్చే దారిలో, కాస్త ఎత్తైన దిమ్మ మీద ఉంటే ఆ గాలి తగులుతుంది. చెట్ల గుబురు వెనక దాక్కుంటే చలి తగ్గుతుంది గానీ దోమలు దండిగా ఉంటాయి. ఎంచుకున్న చోట హెడ్‌నెట్ తీసి ఐదు నిమిషాలు కదలకుండా నిలబడి చూడండి. మా బ్యాచ్‌లో ఈ పరీక్షకి మా ఆయన్ని నిలబెడతాం. కొందరి చర్మం వాసన దోమలకి ఎక్కువ నచ్చుతుందట, ఆయన ఆ కోవలో మొదటి వరుస. ఆయన నవ్వుతూ ఉంటే అక్కడే టెంటు.

ఇక టైము. లోయలో సూర్యాస్తమయం అంటే ఫోను చెప్పే టైము కాదు. ఆగస్టు ఆఖర్లో సియాటిల్‌లో సూర్యుడు ఎనిమిదింటికి అస్తమిస్తే, సరస్సు దగ్గర ఆరింటికో ఆరున్నరకో శిఖరం వెనక్కి వెళ్ళిపోతాడు. నీడ పడిన దగ్గర నుంచి చలి ముదిరే దాకా దోమల విందు. ఆ రెండు గంటల్లో మీకు ఏ పనీ ఉండకూడదు. మొత్తం ప్లానంతా దీని చుట్టూనే తిరగాలి.

మధ్యాహ్నం రెండింటికి చేరేలా పొద్దున్నే బయల్దేరండి. ముందు టెంట్లు, లోపల పరుపులు, జిప్పులు. తర్వాత ఈత. ఎండ ఉన్నప్పుడే, ఒంటి మీద మందులు ఒడ్డుకి దూరంగా తుడుచుకుని దిగాలి. ఆ నీళ్ళే అందరం తాగేది. నాలుగున్నరకల్లా రాత్రికీ పొద్దున్నకీ సరిపడా నీళ్ళు ఫిల్టర్ చేసి పెట్టుకోండి. దోమల మధ్య గట్టు మీద గొంతుకూర్చుని ఫిల్టర్ పిండడమంత శిక్ష లేదు. ఐదింటికి భోజనం. ఈ టైముకి ఆకలేయదని అంటారు, కొండెక్కినవాళ్ళకి వేస్తుంది. వేడి నీళ్ళు పోసి మూతపెడితే అయిపోయే తిండే తెచ్చుకోండి, ఉల్లిపాయలు తరిగే కార్యక్రమం పెట్టుకోకండి. ఆరింటికల్లా గిన్నెలు, పళ్ళు తోముకోవడం, బాత్రూం పనులు అన్నీ అయిపోవాలి.

అప్పుడు గాలి ఉన్న రాయి మీద కూర్చోవచ్చు, లేకపోతే టెంటులో పేకాట. నలుగురైదుగురు ఉంటే అడుగు లేని జాలీ గుడారం ఒకటి మోసుకెళ్ళడం మంచి బేరం. కిలో బరువు పంచుకుంటే తెలీదు, అందరూ ఒక చోట కూర్చుని మాట్లాడుకోవచ్చు. తొమ్మిది దాటి చలి గట్టిగా పడ్డాక బయటికి రండి. దోమలు ఉండవు, పాలపుంత ఉంటుంది. స్వెటర్ వేసుకోండి, ఆ ఎత్తులో ఆగస్టులో కూడా రాత్రి ఐదు డిగ్రీలకి పడిపోవడం మామూలే.

బాత్రూం సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. అత్యంత సురక్షితమైన సమయం తెల్లవారుజాము, చలికి దోమలు ఇంకా లేవకముందు. నీటికి 200 అడుగుల దూరంలో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గొయ్యి తవ్వడానికి ముందు రోజు వెలుతురులోనే చోటు చూసి పెట్టుకోండి. కాగితం జిప్ కవర్లో వెనక్కి తెచ్చుకోవాలి. సాయంత్రం తప్పనిసరైతే పికారిడిన్ వైప్ ఒకటి ఎక్కడ వాడాలో మీకే అర్థమవుతుంది.

టెంటులోకి దూరడానికి కూడా ఒక విద్య ఉంది. మీ చుట్టూ దోమల గుంపు ఉండగా తలుపు దగ్గర నిలబడి బూట్ల లేసులు విప్పకండి. ఇరవై అడుగులు గబగబా అటు నడిచి, గుంపుని అక్కడ వదిలేసి, తిరిగొచ్చి ఒక్క దెబ్బలో లోపలికి. జిప్పు అర్ధ సెకను కూడా తెరిచి ఉండకూడదు. "ఆ చార్జర్ కాస్త ఇలా ఇవ్వరా" అంటూ సగం తలుపు తీసేవాళ్ళని ముందే హెచ్చరించండి. లోపలికి వచ్చినవి పైకప్పు మూలల్లో వాలి ఉంటాయి. హెడ్‌ల్యాంప్ వేసి ఒక రౌండు వేట పూర్తి చేశాకే పడుకోవాలి.

"మంట వేసుకుంటే పొగకి పోతాయి కదా?" అని అడుగుతారు. ఈ వైల్డర్‌నెస్‌లో కాస్కేడ్ శిఖర రేఖకి పడమర 4,000 అడుగుల పైన, తూర్పున 5,000 అడుగుల పైన మంటలు నిషేధం. కొన్ని సరస్సుల దగ్గర ఎత్తుతో పనిలేకుండా నిషేధం. ఆగస్టు చివర్లో చాలాసార్లు అడవి మొత్తానికే బ్యాన్ ఉంటుంది. వాల్వ్ తిప్పితే ఆరిపోయే గ్యాస్ స్టవ్‌కి మామూలుగా అనుమతి ఉంటుంది, అయినా రేంజర్ స్టేషన్‌కి ఒక ఫోను కొట్టండి. అడవిలో వేరే పొగ ఉండవచ్చు. 2022 సెప్టెంబర్‌లో స్కైకోమిష్ దగ్గర బోల్ట్ క్రీక్ మంటలు చెలరేగి హైవే 2 కూడా మూసేశారు. గాలి నాణ్యత చూపించే ఎయిర్‌నౌ సైట్‌లో ఎరుపు రంగు ఉంటే ట్రిప్పు మానేయడమే, వాదన లేదు.

ఎలుగుల గురించి ఒక్క మాట. అదే సమయానికి హకిల్‌బెర్రీలు పండుతాయి, నల్ల ఎలుగులు వాటి కోసం తిరుగుతుంటాయి. సరస్సుల ఎత్తులో చెట్లు పొట్టివి, తాడు వేసి తిండి వేలాడదీయడానికి కొమ్మ దొరకదు. ఎలుగులు తెరవలేని గట్టి డబ్బా, బేర్ క్యానిస్టర్ తీసుకెళ్ళి టెంట్లకి దూరంగా పెట్టండి. దోమలకి భయపడి టెంటులో తినడం మొదలుపెట్టకండి. టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, దోమల మందు కూడా అందులోకే.

మనుషులు

దోమలు కుడుతున్నంతసేపూ ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడరు. పదేళ్ళ స్నేహితులు "నిన్ను నమ్మి వచ్చాను చూడు" అనుకునేది ఈ గంటలోనే. అందుకని మా దగ్గర ఇంకో రూలు ఉంది: సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య ఏ నిర్ణయమూ తీసుకోం. రెండో రాత్రి ఉండాలా, దిగిపోవాలా అన్నది పొద్దున టిఫిన్ అయ్యాకే. అప్పుడు ఓటింగ్ లేదు. ఎవరికి ఎక్కువ కుట్టాయో వాళ్ళ మాటే చెల్లుతుంది. మెజారిటీ పేరుతో వాచిపోయిన మొహంతో ఉన్నవాణ్ణి ఇంకో రాత్రి ఉంచితే వాడు మళ్ళీ మీతో రాడు.

కుట్టిన చోట చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ, తర్వాత 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము. ఒళ్ళంతా దద్దుర్లైతే రాత్రికి సెటిరిజిన్ అనే ఎలర్జీ మాత్ర, అలవాటున్నవాళ్ళకి. గోళ్ళు కత్తిరించుకుని వెళ్ళడం చిన్న విషయంలా ఉంటుంది గానీ నిద్రలో గోక్కునేవాళ్ళకి చాలా తేడా చేస్తుంది. కందిరీగ కుట్టాక పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రలతో ఆగకండి. ఎపిపెన్, వెంటనే ఎస్ఓఎస్.

దిగే రోజు ఎండ లోయలోకి దిగకముందే టెంట్లు మడిచేయండి. కింద కారు దగ్గర తలుపులు నాలుగూ బార్లా తెరిచి సామాను సర్దే అలవాటు అందరికీ ఉంటుంది, ట్రైల్‌హెడ్ వాగు పక్కనే ఉంటుందన్నది మర్చిపోతారు. డిక్కీ ఒక్కటే తెరవండి, బ్యాగులు అందులో పడేసి, ఒక్కొక్కరూ ఎక్కి తలుపు వేసుకోండి. అయినా ఒకటో రెండో దూరతాయి. బాక్స్ కాన్యన్ మట్టి రోడ్డు మీద దుమ్ము లేచినా సరే, కిటికీలు దించి నడిపితే గాలికి కొట్టుకుపోతాయి. మూసుకుని వస్తే నార్త్ బెండ్ ఊరి దాకా వెనక సీట్లో చప్పట్లు వినపడుతూనే ఉంటాయి.